పక్షవాతంతో హాస్పిటల్లో ఉన్నవారికి షుగర్ ఎంత ఉండాలి? డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: తర్వాతి కాల్ తీసుకుందాం. చెప్పండమ్మా, లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా నాన్నగారికి మొన్న పక్షవాతం వచ్చిందండీ. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట రావట్లేదు. చేర్చినప్పుడు షుగర్ 260 ఉందన్నారు. ఆయనకి ఇంతకుముందు షుగర్ లేదు. ఇన్సులిన్ ఇస్తున్నారు గానీ ఇంకా 160, 170 దగ్గరే ఉంది. నార్మల్‌కి తెమ్మంటే ఇది చాలంటున్నారు. పట్టించుకోవట్లేదేమోనని టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: టెన్షన్ వద్దమ్మా. కావాలనే అక్కడ ఉంచుతున్నారు. స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లో 140 నుంచి 180 మధ్య ఉంచాలనే మేమూ చూస్తాం.

కాలర్: షుగర్ ఎక్కువుంటే మెదడుకి ఇంకా దెబ్బ అంటారు కదండీ?

డాక్టర్: నిజమే. షుగర్ బాగా ఎక్కువున్నవాళ్లు తక్కువగా కోలుకుంటారు, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ తర్వాత మెదడులో రక్తస్రావం అయ్యే ముప్పు కూడా ఎక్కువ. అందుకే గట్టిగా తగ్గిస్తే మేలేమోనని చాలాకాలం అనుకున్నాం. అమెరికాలో షైన్ అనే ట్రయల్‌లో 1,100 మందికి పైగా రోగులపై దీన్ని పరీక్షించారు, ఫలితాలు 2019లో వచ్చాయి. కొందరికి 80–130 మధ్యకి తెచ్చారు, మిగతావారికి 180 లోపు ఉంచారు. మూడు నెలల తర్వాత చూస్తే కోలుకోవడంలో తేడా లేదు. పైగా గట్టిగా తగ్గించినవారిలో 2.6 శాతం మందికి షుగర్ 40 కన్నా కిందికి పడిపోయింది. రెండో గుంపులో ఒక్కరికీ అలా కాలేదు.

యాంకర్: పడిపోతే అంత ప్రమాదమా?

డాక్టర్: మెదడుకి ప్రధాన ఇంధనం గ్లూకోజే కదండీ. అసలే దెబ్బతిన్న మెదడుకి అదీ అందకపోతే? వీళ్ల నాన్నగారికి మాట కూడా లేదు. కళ్లు తిరుగుతున్నాయనో, నీరసంగా ఉందనో చెప్పలేరు. మత్తుగా పడుకుంటే స్ట్రోక్ వల్లే అనుకుంటాం. అందుకే సిస్టర్లు అన్నిసార్లు వేలు గుచ్చి చూస్తారు. దానికి మాత్రం విసుక్కోకండి.

కాలర్: సరేనండీ. మరి లేని షుగర్ ఎలా వచ్చింది?

డాక్టర్: పెద్ద జబ్బు మీద పడితే ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు పెరిగి, లివర్ గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. లేదంటే ఎన్నాళ్లుగానో ఉన్న షుగర్ ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. ఇది నేను చాలామందిలో చూస్తుంటాను. హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, చేయించారా అని అడగండి. అది 6.5 శాతం లేదా అంతకన్నా ఎక్కువుంటే షుగర్ వ్యాధి ముందే ఉన్నట్టు. తక్కువుంటే కొన్ని రోజుల్లో ఇన్సులిన్ ఆపేయొచ్చు, అయినా ఇంటికెళ్లాక మళ్లీ పరీక్ష చేయించాల్సిందే.

యాంకర్: ఇంకో కాల్ ఉంది. చెప్పండి సార్.

కాలర్: మా అమ్మ కూడా స్ట్రోక్‌తోనే హాస్పిటల్లో ఉంది డాక్టర్ గారూ. ముక్కు ట్యూబ్ నుంచి పాలు ఇస్తున్నారు, ఇన్సులిన్ చేస్తున్నారు. ఇంట్లో వాడే షుగర్ మాత్రలు నా దగ్గరే ఉన్నాయి. అవీ ఇవ్వమంటారా?

డాక్టర్: వద్దు బాబూ. మింగగలరో లేదో పరీక్షించకుండా నోటికి చుక్క నీళ్లు కూడా ఇవ్వకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ టైములో కొన్ని మాత్రలు మేలుకన్నా కీడే చేస్తాయి. స్కాన్‌కి మందు ఎక్కించి, కిడ్నీలు సరిగా లేకపోతే మెట్‌ఫార్మిన్ ఆపాలి. సరిగా తిండి లేనప్పుడు పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే రకం షుగర్ మాత్రలతో రక్తంలో ఆమ్లాలు పెరుగుతాయి. ఏమేం వాడేవారో ఆ చీటీ మాత్రం డాక్టర్‌కి చూపించండి. ట్యూబ్ ఊడినా, పాలు ఆపినా వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. లోపల ఇన్సులిన్ పనిచేస్తూనే ఉంటుంది, షుగర్ పడిపోతుంది.

కాలర్: ఇందాకే పాలు ఆపి స్కాన్‌కి తీసుకెళ్లారండీ. అంతకుముందే ఇన్సులిన్ చేశారు.

డాక్టర్: అయితే ఫోన్ పెట్టేసి వెళ్లండి బాబూ. ఆ మాటే సిస్టర్‌కి చెప్పి, ఇప్పుడే ఒకసారి షుగర్ చూడమనండి.