పెద్ద గ్యాస్ గీజర్ కొనేముందు ఈ గొట్టంతో ఒకసారి చూడండి | మానోమీటర్ రివ్యూ

నమస్తే అండీ. నెల్లూరు వేదాయపాలెంలో మా బావ వాళ్ళింట్లో ఉన్నాం. సిలిండర్ కింద వరండాలో, గీజర్ పైన. ఇప్పుడున్నది నిమిషానికి 6 లీటర్లది. అది తీసేసి 10 లీటర్లది పెట్టాలని బావ పట్టుబట్టి కూర్చున్నాడు. షాపులో అడిగితే "పెద్దదే తీసుకోండి సార్, ఏం కాదు" అన్నారట. ఏమవుతుందో చెప్పాల్సింది మన గ్యాస్ లైన్. దాన్ని అడిగే పరికరం ఇదిగో, గ్యాస్ ప్రెజర్ కొలిచే మానోమీటర్.

నా దగ్గర రెండున్నాయి. ఒకటి డిజిటల్ మీటర్, ఇంకోటి యు ఆకారంలో వంచిన పారదర్శక గొట్టం, పక్కన స్కేలు. గొట్టంలో సగం దాకా నీళ్ళు పోసి, కనబడటానికి ఒక చుక్క రంగు కలిపాను. ముందే చెప్తున్నా, నా ఓటు గొట్టానికే. బ్యాటరీ గొడవ లేదు, రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో ఉంటే సున్నా సరిగ్గా ఉన్నట్టే. డిజిటల్ తప్పని కాదు, కానీ ప్రతిసారీ సున్నా చేసుకోవాలి. మన వాళ్ళు మర్చిపోయేది అదే.

గొట్టం చదవడంలో ఒక కిటుకుంది. దగ్గరగా చూపిస్తా, చూడండి. గ్యాస్ తగిలించిన ఇటువైపు నీళ్ళు పదిహేను సెంటీమీటర్లు దిగాయి, అటువైపు పదిహేను లేచాయి. ప్రెజర్ పదిహేను కాదండీ, ముప్పై. రెండు మట్టాల మధ్య మొత్తం తేడా తీసుకోవాలి. మన ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ ఇవ్వాల్సింది కూడా దాదాపు అంతే, 30 సెంటీమీటర్ల నీళ్ళ ఎత్తు. మిల్లీబార్లలో చెప్పినా 30కి దగ్గరే.

ఇక కొలత. మెకానిక్ అన్న గీజర్ ఇన్‌లెట్ ముందు, రెగ్యులేటర్ తర్వాత, రెండు చోట్ల ఈ గొట్టం తగిలించడానికి చిన్న నిపుల్ పెట్టి ఇచ్చాడు. ఈ పని మీరు స్వయంగా చేయొద్దు, మెకానిక్‌నే పిలవండి. అయ్యాక ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పట్టించి చూడాలి. అగ్గిపుల్లతో చూసే మహానుభావులకి దండం పెట్టేస్తున్నా.

అన్నీ ఆపేసి ఉన్నప్పుడు గీజర్ దగ్గర 33 చూపించింది. బావ మొహం వెలిగిపోయింది. ఆగు బావా, గ్యాస్ కదలనప్పుడు పైపు ఎంత సన్నమైనా రీడింగ్ బాగానే వస్తుంది. వేడినీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పు, కింద అక్కని రెండు పొయ్యిలూ వెలిగించమను. ఇప్పుడు చూడండి, నీళ్ళు దిగొచ్చాయి. రెగ్యులేటర్ దగ్గర 29, గీజర్ దగ్గర 26. అంటే పైపే మూడు సెంటీమీటర్లు మింగేస్తోంది.

అసలు సంగతి ఇక్కడుంది. పైపులో నష్టపోయే ప్రెజర్ గ్యాస్ ప్రవాహంతో పాటు సమానంగా పెరగదు. ప్రవాహం రెట్టింపైతే నష్టం నాలుగింతల దాకా పోతుంది. 6 నుంచి 10కి వెళ్తే సుమారు రెండు ముప్పాతిక రెట్లు. పొయ్యిల వాటా పక్కన పెట్టి మోటుగా లెక్కేసినా మూడు కాస్తా ఎనిమిదవుతుంది. రెగ్యులేటర్ అదే 29 నిలబెట్టిందనుకున్నా గీజర్‌కి అందేది 21. అది కూడా అనుమానమే, ఎందుకంటే 10 లీటర్ల గీజర్ పూర్తిగా మండితే గంటకి కిలోన్నర గ్యాస్ లాగుతుంది. అంత లాగితే సిలిండర్ చల్లబడి చెమట పడుతుంది, లోపలి ద్రవం గ్యాస్‌గా మారడమే తగ్గుతుంది.

21 దగ్గర మంట శక్తి ఆరో వంతు తగ్గిపోతుంది. పదికి డబ్బులిచ్చి ఎనిమిదిన్నర లీటర్ల పని చేయించుకోవడమన్నమాట. దీనికి మందు పైపు మార్చడమే. లోపలి వ్యాసం కొంచెం పెరిగినా నష్టం భారీగా పడిపోతుంది. రెగ్యులేటర్‌ని మాత్రం తిప్పబోకండి, దాన్ని ఏజెన్సీ వాళ్ళకే వదిలేయండి.

ఇంకో మాట, బావకి నచ్చకపోయినా. గీజర్ మీద రాసే 10 లీటర్లు అంటే నీళ్ళని 25 డిగ్రీలు పెంచే లెక్క. ఢిల్లీ చలికి అది కావాలి. డిసెంబరు ముసురులో కూడా మన నెల్లూరు ట్యాంకు నీళ్ళు అంత చల్లగా ఉండవు కదా! ఒకేసారి రెండు బాత్‌రూమ్‌లు నడపకపోతే 6 లీటర్లది చాలు.

పైపు గ్యాస్ వచ్చిన కాలనీల వాళ్ళు వినండి. మీ దగ్గర ఉండాల్సింది దాదాపు 21 మిల్లీబార్లు, సిలిండర్‌తో పోల్చి కంగారు పడొద్దు. గ్యాసూ వేరు, బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే జెట్లూ వేరు. సిలిండర్ గీజర్‌ని అలాగే తీసుకెళ్ళి ఆ లైనుకి తగిలించకండి. ఏ గ్యాస్ అయినా గీజర్ బాత్‌రూమ్ లోపల వద్దే వద్దు, మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. సిలిండర్ గ్యాస్ లీకైతే 1906కి ఫోన్ చేయండి.

బావ పైపు మార్పించడానికి ఒప్పుకున్నాడు, గీజర్ మాత్రం ఇంకా పదే కావాలంటున్నాడు. బిగించాక ఇవే రెండు నిపుల్స్ దగ్గర మళ్ళీ గొట్టం పెట్టి రీడింగులు కింద కామెంట్‌లో పిన్ చేస్తాను.