హాలంతా నవ్వింది, పిల్ల ఏడ్చింది

అందరికీ నమస్కారం.

మా మనవరాలికి నాలుగేళ్లప్పుడు దాన్ని ఒక సినిమాకి తీసుకెళ్లాను. మంత్రాలు, మాట్లాడే జంతువులు, బోలెడంత కామెడీ. ఇంటిల్లిపాదీ చూడొచ్చని అందరూ చెప్పారు. అందులో మంత్రం వికటించి ఒక మామయ్య మేకగా మారిపోతాడు. ముందు చెవులు సాగాయి, తర్వాత గడ్డం మొలిచింది, ఆఖరికి గొంతు కూడా మారింది. హాలంతా విరగబడి నవ్వింది. మా పిల్ల నా ఒళ్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "అది జోకమ్మా" అన్నాను. ఆ రాత్రి పడుకునేముందు నన్ను అడిగింది: "తాతయ్యా, నువ్వు కూడా మారిపోతావా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

రీటా డెవ్రీస్ అనే పరిశోధకురాలు 1969లో ఒక ప్రయోగం ప్రచురించారు. మేనార్డ్ అనే సాధువైన పిల్లిని మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చూపించారు. తర్వాత దాని ముఖానికి కుక్క మాస్కు తొడిగారు. తొడుగుతున్నంతసేపూ పిల్లి వెనక భాగం, తోక పిల్లల కళ్లముందే ఉన్నాయి. అయినా మూడేళ్ల వాళ్లలో చాలామంది అది నిజంగానే కుక్క అయిపోయిందన్నారు. ఆరేళ్ల వాళ్లకి మాత్రం అది మాస్కు వేసుకున్న పిల్లేనని తెలుసు.

1980లలో పిల్లల మీద టీవీ, సినిమాల ప్రభావాన్ని అధ్యయనం చేసే జోవాన్ కాంటర్, ఆమె సహ పరిశోధకులు 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' అనే టీవీ సీరియల్ మీద పనిచేశారు. అందులో హల్క్ మంచివాడు, ఆపదలో ఉన్నవాళ్లని కాపాడతాడు. కానీ బడికి వెళ్లే వయసు రాని పిల్లలు బాగా భయపడింది ఆ మంచి మనిషి ఆకుపచ్చ రాక్షసుడిగా మారే చోటనే. ఆ వయసులో కంటికి కనిపించిందే నిజం. మంచివాడా చెడ్డవాడా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇప్పుడు మా మేక మామయ్య దగ్గరికి వద్దాం. మనకి అది జోకు, ఎందుకంటే సినిమా అయిపోయేలోగా ఆయన మళ్లీ మనిషి అవుతాడని మనకి తెలుసు. నాలుగేళ్ల పిల్లకి ఆ సంగతి ఎవరు చెప్పారు? అందుకే ఇలాంటి సినిమాల్లో నేను దెయ్యాలు, కత్తులు ఉన్నాయా అని ముందుగా చూడను. ఎవరైనా మారిపోతారా? పిల్లకి అప్పటికే దగ్గరైన మనిషేనా? తిరిగి మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతుంది? అరనిమిషమైతే పర్వాలేదు. ఇంటర్వెల్ దాటాక కూడా మేకగానే ఉంటే అది చిన్నపిల్లలకి కామెడీ సినిమా కాదు.

అమ్మానాన్నలు దూరమవడం, ఇష్టమైన పాత్ర చనిపోవడం కూడా అలాంటివే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం 45 పిల్లల యానిమేషన్ సినిమాలని పెద్దవాళ్ల డ్రామాలతో పోల్చింది. ముఖ్య పాత్ర చనిపోయే ముప్పు పిల్లల సినిమాల్లోనే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది.

సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. ఉంది, చూడాలి కూడా. 1984లో అమెరికాలో 'గ్రెమ్లిన్స్' అనే సినిమా పీజీ రేటింగుతో, అంటే తల్లిదండ్రులు చూసుకుని పిల్లలకి చూపించొచ్చన్న గుర్తుతో, వచ్చింది. ముద్దొచ్చే బుల్లి ప్రాణుల నుంచి భయంకరమైన జీవులు పుట్టుకొచ్చే హాస్యచిత్రం అది. దానిమీద, ఆ ఏడాదే వచ్చిన ఒక ఇండియానా జోన్స్ చిత్రం మీద తల్లిదండ్రులు గగ్గోలు పెట్టాకే, పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అని చెప్పే పీజీ-13 పుట్టింది. భారతదేశంలో 2024 నిబంధనలు, పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ని వయసుని బట్టి 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టాయి. మంచి పని. కానీ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకి మీ పిల్ల తెలియదు. అది చీకటికి భయపడుతుందో, పెద్ద శబ్దానికి చెవులు మూసుకుంటుందో మీకే తెలుసు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో నా బెంగ వేరు. వాళ్లు రాక్షసుణ్ణి చూసి నవ్వేస్తారు. లావుపాటి కుర్రాణ్ణి, నత్తిగా మాట్లాడేవాణ్ణి ఏడిపించే సీన్లకి కూడా నవ్వుతారు, మర్నాడు క్లాసులో అదే చేస్తారు. నామటుకు నాకు ఇది రాక్షసుడికంటే ప్రమాదం. ఇలాంటి సీను వచ్చినప్పుడు "ఆ అబ్బాయికి ఎలా ఉండి ఉంటుంది?" అని ఒక్కసారి అడగండి, చాలు.

వీలైతే సినిమా ముందు మీరు చూడండి. ట్రైలర్ చాలదు, అందులో నవ్వులే ఏరి పెడతారు. చిన్నవాళ్లకి మొదటిసారి ఇంట్లోనే, లైటు వేసి, సౌండు తగ్గించి చూపించండి. భయపడితే "అదంతా ఉత్తిదే" అని వివరించబోకండి. ఆ మాట ఏడెనిమిదేళ్ల వాళ్లకి పనిచేస్తుంది. చిన్నపిల్లలకి దగ్గరికి తీసుకోవడం, కాసిని మంచినీళ్లు తాగించడం, అక్కణ్ణుంచి లేచి వెళ్లడం ఎక్కువ పనిచేస్తాయని కాంటర్ పరిశోధనలు చెబుతున్నాయి.

ఇదేదీ ఆ రోజు నాకు తెలియదు. జోకమ్మా, జోకమ్మా అంటూ ఆ పిల్లని ఇంకో గంటసేపు అక్కడే కూర్చోబెట్టాను.