ఆ ఒక్క వేలు ఎత్తి చూడండి: గిటార్ కార్డ్స్ లోపల ఏముంది?

నమస్తే అండీ. గిటార్ దగ్గర్లో ఉంటే చేతిలోకి తీసుకోండి. ఇది చూసి ఊరుకునే వీడియో కాదు, వింటూ వాయించాల్సిన వీడియో.

కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, నేర్చుకుందామని కూర్చున్న ప్రతి ఒక్కరికీ మొదట ఎదురయ్యేది చార్ట్. ఆరు నిలువు గీతలు, వాటి మీద నల్ల చుక్కలు. చుక్క ఉన్నచోట వేలు పెట్టాలి, మీటాలి. అందులో తప్పేం లేదు, ఎవరైనా అక్కడే మొదలుపెట్టాలి. కాకపోతే చాలామంది అక్కడే ఆగిపోతారు. బోలెడన్ని కార్డ్స్ బట్టీ పట్టేసి ఉంటారు, కానీ ఇందులో ఈ వేలు ఎందుకుంది అని అడిగితే చెప్పలేరు. నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అసలు ఆనందమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

సరే, ఈ (E) మేజర్ అనే కార్డ్ పట్టుకోండి. తీగల లెక్క కింద సన్న తీగ నుంచి మొదలు: సన్నది ఒకటో తీగ, అన్నిటికన్నా లావుది ఆరోది. మెడ మీద అడ్డంగా ఉన్న కమ్మీల మధ్య గడే ఫ్రెట్. చూపుడు వేలు మూడో తీగ మీద, ఒకటో ఫ్రెట్‌లో. మధ్య వేలు అయిదో తీగ మీద, ఉంగరం వేలు నాలుగో తీగ మీద, రెండూ రెండో ఫ్రెట్‌లో. ఆరు తీగలూ మీటండి.

(ఈ మేజర్ వాయించాలి)

ఇప్పుడు చూపుడు వేలు ఒక్కటే ఎత్తండి. మిగతా రెండు వేళ్లూ కదలకూడదు. మళ్లీ మీటండి.

(ఈ మైనర్ వాయించాలి)

విన్నారా? ఒక్క వేలు తీస్తే మొత్తం రంగే మారిపోయింది. ఇంకోసారి పెట్టండి, తీయండి. తొందరేం లేదు, చెవికి బాగా పట్టేదాకా చేయండి.

ఇక్కడ జరిగిందేంటంటే, మోగింది ఆరు తీగలైనా అందులో ఉన్నవి మూడే స్వరాలు. ఆరు, నాలుగు, ఒకటి: ఈ మూడు తీగల్లోనూ వినిపించేది ఈ (E). అయిదు, రెండు తీగల్లో బి. మూడో తీగలో మాత్రం జి షార్ప్. మేజరా మైనరా అన్నది తేల్చేది ఆ ఒక్క తీగే. వేలు ఎత్తగానే జి షార్ప్ కాస్తా జి అయింది, అంటే ఒక ఫ్రెట్ కిందికి దిగింది. సరిగమలు తెలిసినవాళ్లకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కార్డ్ అంటే స, గ, ప. మేజర్‌లో అంతర గాంధారం, మైనర్‌లో సాధారణ గాంధారం. స, ప రెండూ ఉన్నచోటే ఉంటాయి, గ ఒక్కటే మారుతుంది.

అందుకే ఈ మేజర్ పట్టుకున్నాక తీగలు ఒక్కొక్కటిగా మీటి చూసుకోమంటాను. నాలుగో తీగ మీదున్న ఉంగరం వేలు కాస్త వాలి మూడో తీగకి తగిలిందనుకోండి, గాంధారం మూగబోతుంది. అప్పుడు మిగిలేది స, ప మాత్రమే, అది మేజరూ కాదు, మైనరూ కాదు. రాక్ సంగీతంలో కావాలనే అలా వాయిస్తారు, దాన్నే పవర్ కార్డ్ అంటారు. కానీ మనం కోరుకున్నది అది కాదు కదా. వేళ్లు వంచి, కొసలతో, ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా నొక్కండి, చాలు.

ఇప్పుడు మిగతా కార్డ్స్‌లో గాంధారం ఎక్కడుందో వెతుకుదాం. నాకు చాలా ఇష్టమైన పని ఇది. ఈ మేజర్‌లో మూడో తీగ మీద దొరికింది. ఏ (A) మేజర్‌లో రెండో తీగ మీద, రెండో ఫ్రెట్‌లో ఉంది. దాన్ని ఒకటో ఫ్రెట్‌కి దించితే ఏ మైనర్. డి మేజర్‌లో ఒకటో తీగ మీద, రెండో ఫ్రెట్‌లో ఉంది. ఒకటో ఫ్రెట్‌కి దించితే డి మైనర్. మూడు, రెండు, ఒకటి: మెట్టు దిగినట్టు వరసగా ఉన్నాయి చూడండి. దించేటప్పుడు ఏ వేలితో ఏది నొక్కాలో కాస్త సర్దుకోవాల్సి వస్తుంది, కానీ మారే స్వరం మాత్రం ఒక్కటే.

మరి సి మేజర్‌ని, జి మేజర్‌ని ఇలాగే మైనర్ చేయొచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. సి మేజర్‌లో గాంధారం అంటే ఈ (E) అనే స్వరం. అది నాలుగో తీగ మీద ఒకసారి, ఒకటో తీగ ఖాళీగా మోగినప్పుడు మరోసారి వస్తుంది. నాలుగో తీగ మీది వేలిని దించగలం, కానీ ఖాళీ తీగని అంతకన్నా కిందికి దించడమెలా? జి మేజర్‌లోనూ ఇదే చిక్కు, అక్కడ ఖాళీగా మోగే రెండో తీగ బి స్వరం. మొదటి పాఠాల చార్టుల్లో సి మైనర్, జి మైనర్ కనిపించకపోవడానికి కారణం ఇదే.

దీనికి దారి బార్ కార్డ్. అందరూ భయపడే ఎఫ్ మేజర్ అదే. అది కొత్త షేప్ ఏమీ కాదు, మన ఈ మేజరే ఒక ఫ్రెట్ ముందుకు జరిగింది. నట్ (మెడ చివర తీగలు ఆనుకునే పట్టీ) స్థానంలో చూపుడు వేలు అడ్డంగా పడుకుంది. ఆ వేలితో ఆరు తీగలనీ బలంగా నొక్కాలని చాలామంది చేయి నొప్పి తెచ్చుకుంటారు. అవసరం లేదండీ. అయిదు, నాలుగు, మూడు తీగల్ని మిగతా వేళ్లు చూసుకుంటాయి. చూపుడు వేలు గట్టిగా నొక్కాల్సింది ఆరు, రెండు, ఒకటో తీగల దగ్గరే. ఆ వేలిని కొంచెం పక్కకి వాల్చి పెట్టండి. ఇంకో మాట, దీన్ని ఎఫ్ దగ్గర మొదలుపెట్టకండి. నట్ పక్కన తీగలు నొక్కడం కష్టం. ముందు అయిదో ఫ్రెట్‌లో పట్టుకోండి, అక్కడ అదే షేప్ ఏ (A) మేజర్ అవుతుంది. శబ్దం తేటగా వచ్చాక ఒక్కో ఫ్రెట్ వెనక్కి రండి.

అలా వస్తూ మూడో ఫ్రెట్ దగ్గర ఆగితే అది జి మేజర్. గాంధారం ఈ షేప్‌లో మధ్య వేలి కింద ఉంటుంది. ఆ వేలు ఎత్తండి, ఇప్పుడు మూడో తీగని కూడా చూపుడు వేలే గట్టిగా పట్టాలి. మీటండి.

(జి మైనర్ వాయించాలి)

ఇందాక ఖాళీ తీగ అడ్డుపడి మనకి కుదరని జి మైనర్ ఇదే.