దింపుడు కళ్లం ఆశ: టోనీ అవార్డుల తర్వాత ఏ నాటకం మూతపడుతుంది?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: రంగస్థల విమర్శకురాలు, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటూ బ్రాడ్‌వే వసూళ్లు వారం వారం రాసుకునే ఒక అకౌంటెంట్, తెనాలి వైపు పరిషత్తు నాటకాలు ఆడించిన రిటైర్డ్ మాస్టారు.)

సంధానకర్త: నమస్కారం. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలున్న ప్రాంతాన్ని బ్రాడ్‌వే అంటారు. అక్కడి నాటకాలకి టోనీ అవార్డులు ఏటా జూన్‌లో ఇస్తారు. ఆ వారం తిరక్కుండానే 'మా ప్రదర్శన ఫలానా తేదీన ఆఖరు' అంటూ ప్రకటనలు మొదలవుతాయి. ఎవరిది ఆఖరో ముందే చెప్పొచ్చా అన్నది ఇవాళ్టి మాట. మాస్టారూ, మీతో మొదలుపెడదాం.

మాస్టారు: ఇందులో చెప్పడానికేముందమ్మా? బహుమతి వచ్చింది నిలబడుతుంది, రానిది పోతుంది. మా పరిషత్తుల్లోనూ అంతే. ఉత్తమ ప్రదర్శన అని పేరొస్తే ఇంకో నాలుగు పరిషత్తులు పిలుస్తాయి. రాకపోతే సెట్టు అటకెక్కుతుంది.

అకౌంటెంట్: మాస్టారూ, మీకు టిక్కెట్టు లేదు కదండీ. అక్కడే తేడా.

మాస్టారు: టిక్కెట్టు లేకపోతే ఖర్చు లేదనా బాబూ? వ్యాన్ అద్దె నా జేబులోంచే పోయేది.

అకౌంటెంట్: ఆ వ్యాన్ ఒక్క రాత్రికి. వీళ్లకి వారానికి ఎనిమిది ఆటలు, ఏడాది పొడుగునా. పెద్ద మ్యూజికల్, అంటే పాటలూ డాన్సులతో సాగే నాటకం, నడవాలంటే వారానికి 7, 8 లక్షల డాలర్ల ఖర్చు మామూలు. హాలు, నటులు, ఆర్కెస్ట్రా, స్టేజీ వెనక పనివాళ్లు, ప్రకటనలు అన్నీ అందులోనే. 'ఈ వారం 7 లక్షల గ్రాస్ వచ్చింది' అని పేపర్లో చదివి జనం పర్లేదనుకుంటారు. మన సినిమా వాళ్లకి చెప్పక్కర్లేదు, గ్రాస్ వేరు, షేర్ వేరు. అందులోంచి కార్డు చార్జీలు, గ్రూప్ బుకింగ్ కమిషన్లు పోయాక నిర్మాత చేతికి ఖర్చు కూడా రాదు.

సంధానకర్త: వసూళ్ల సంగతి వాళ్లు దాచుకోరా?

అకౌంటెంట్: దాచుకోరు. ఆదివారంతో వారం ముగుస్తుంది, తర్వాత ఒకటి రెండు రోజుల్లో బ్రాడ్‌వే లీగ్, అంటే అక్కడి నిర్మాతల, థియేటర్ ఓనర్ల సంఘం, లెక్కలు విడుదల చేస్తుంది. ఎంత వసూలైంది, ఎంతమంది వచ్చారు, సగటు టిక్కెట్టు ఎంత అన్నీ ఉంటాయి. మన దగ్గర కలెక్షన్ పోస్టర్ల మీద అభిమానులు కొట్టుకుంటారు చూడండి, అక్కడ ఆ గొడవ లేదు. ఖర్చు మాత్రం బయటపెట్టరు. మాలాంటివాళ్లు ఊహించేది ఆ సగమే.

విమర్శకురాలు: నేను ఇంకో మాట చెబుతాను. జూన్‌లో మూతపడేవన్నీ జూన్‌లో చచ్చినవి కావు. చాలావాటికి ఏప్రిల్‌లోనే ప్రాణం పోయి ఉంటుంది. మన వాళ్లు దింపుడు కళ్లం ఆశ అంటారే, శవాన్ని దింపి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, లేస్తాడేమోనని. టోనీ రాత్రి చాలామంది నిర్మాతలకి అదే. నామినేషన్ల రోజు ఒకసారి పిలుస్తారు, అవార్డుల రాత్రి మరోసారి.

సంధానకర్త: నామినేషన్ల రోజే వదిలేసినవాళ్లు ఉన్నారా?

విమర్శకురాలు: 2024లో 'లెంపికా'. చిత్రకారిణి తమారా డి లెంపికా కథ. ఏప్రిల్ 14న మొదలైంది. ఏప్రిల్ 30న నామినేషన్లు, దానికి మూడు వచ్చాయి, ఉత్తమ మ్యూజికల్ మాత్రం కాదు. రెండు రోజుల్లో మూసివేత ప్రకటన, మే 19న ఆఖరి ఆట. అంతకు ముందు ఏడాది 'బ్యాడ్ సిండ్రెల్లా'కి ఒక్క నామినేషనూ లేదు. జూన్ 11న అవార్డులైతే జూన్ 4నే దుకాణం సర్దేశారు. దాని సంగీతం ఆండ్రూ లాయిడ్ వెబ్బర్‌ది. దాంతో 43 ఏళ్ల తర్వాత ఆయన ప్రదర్శన ఒక్కటీ లేని బ్రాడ్‌వేని చూశాం.

సంధానకర్త: చిన్న ఆట ఆడదాం. నా దగ్గర మూడు కార్డులున్నాయి, పేర్లు చెప్పను. మొదటిది: ఏడు నామినేషన్లు, అందులో ఉత్తమ మ్యూజికల్ ఒకటి. సమీక్షలు బ్రహ్మాండం. పెట్టుబడి కోటి డాలర్లు. ఆ ఏడాది టోనీలకి అర్హత గడువు ఆఖరి రోజున మొదలైంది. తీసింది అంతకు ముందు పది టోనీలు గెలిచిన జట్టు. ఉంటుందా, పోతుందా?

మాస్టారు: ఉంటుంది. ఇన్నున్నాక పోవడమేంటి?

అకౌంటెంట్: (నవ్వుతూ) పోతుంది. 'డెడ్ అవుట్‌లా' కదూ?

సంధానకర్త: మీకు పేరు తెలిస్తే ఆట చెడుతుంది.

అకౌంటెంట్: గడువు ఆఖరి రోజు అన్నారుగా. 2025 ఏప్రిల్ 27. లాంగేకర్ థియేటర్. డబ్బిచ్చి చూశానండీ. ఎల్మర్ మెక్‌కర్డీ అని ఒక దొంగ, 1911లో పోలీసుల కాల్పుల్లో పోయాడు. శవానికి మందు పూసి ఊరూరా జాతరల్లో చూపించి డబ్బులు చేసుకున్నారు. 1976లో కాలిఫోర్నియాలో ఒక వినోద పార్కులో టీవీ షూటింగ్‌కి వెళ్లినవాళ్లు బొమ్మనుకుని చెయ్యి కదిపితే విరిగి లోపల ఎముక కనపడింది. ఇది నిజంగా జరిగిన కథ. అందులో హీరో సగం నాటకం శవంగా నిలబడే ఉంటాడు.

మాస్టారు: శవాన్ని ఊరూరా తిప్పి సంపాదించిన కథ ఊళ్లోనే నిలబడలేదన్నమాట.

అకౌంటెంట్: ఏడింటిలో ఒక్కటీ రాలేదు. జూన్ 8న అవార్డులు, జూన్ 29న ఆఖరి ఆట. నేను అంచనా వేసింది అవార్డులను బట్టి కాదు మాస్టారూ. ఏప్రిల్ ఆఖర్లో మొదలైందంటే ముందస్తు బుకింగ్ పెంచుకునే టైమే లేదు. శవం మీద మ్యూజికల్ అంటే ఒహాయో నుంచి పిల్లల్తో వచ్చిన కుటుంబం టిక్కెట్టు కొనదు. విమర్శకులు కొన్నారు, మాలాంటి పిచ్చివాళ్లు కొన్నారు. మేమెంతమందిమి?

విమర్శకురాలు: ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు.

సంధానకర్త: రెండో కార్డు. శరత్కాలంలో మొదలైంది. అందరికీ తెలిసిన సినిమా కథ కాదు. కొరియాలో పుట్టిన కథ, పాత్రలు రెండు రోబోలు. పెట్టుబడి కోటీ అరవై లక్షల డాలర్లు. అధికారికంగా మొదలవకముందు వేసే ఆటల్లో, అంటే ప్రివ్యూల్లో, వారం వసూళ్లు 3 లక్షల డాలర్ల దగ్గర కొట్టుకుంటున్నాయి.

మాస్టారు: ఈసారి పోతుందంటాను.

విమర్శకురాలు: అప్పుడు నేనూ అదే అన్నాను. క్రిస్మస్ దాటదని ఒక వ్యాసంలో రాశాను కూడా. 'మేబీ హ్యాపీ ఎండింగ్', 2024 నవంబర్ 12, బెలాస్కో థియేటర్. నా మాట తప్పింది. సమీక్షలు బాగా వచ్చాయి, చూసినవాళ్లు ఇంకొకరిని పంపారు. డిసెంబర్ సెలవుల్లో వారం వసూలు పది లక్షలు దాటింది. జూన్‌కి ఆరు టోనీలు, ఉత్తమ మ్యూజికల్ సహా.

అకౌంటెంట్: మేడమ్, మీరు తప్పారని కాదు. అంకె చూశారు, అంకె ఎటు పోతోందో చూడలేదు. 3 లక్షల నుంచి వారం వారం పైకి పాకేది వేరు, 9 లక్షల నుంచి జారేది వేరు. నేనైతే నామినేషన్లకి ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పక్కపక్కన రాసుకుంటాను. నామినేషన్లొచ్చినా గీత లేవలేదంటే అవార్డు కూడా లేపలేదు. ఇంకోటుంది: నెమ్మదిగా లేచేదాకా నష్టాలు మోసే రిజర్వు చేతిలో ఉండాలి. చాలామందికి ఉండదు.

సంధానకర్త: మూడోది సులువే. తొమ్మిది నామినేషన్లు, ఒక్క అవార్డూ రాలేదు.

మాస్టారు: నన్ను మళ్లీ బోల్తా కొట్టించడానికే కదూ? ఉంది, బతికే ఉంది!

సంధానకర్త: ఉంది మాస్టారూ. '& జూలియెట్'. 2022 నవంబర్‌లో మొదలైంది, 2023 టోనీల్లో వట్టి చేతులతో వెళ్లింది, పెట్టుబడి మాత్రం వెనక్కి తెచ్చుకుంది.

అకౌంటెంట్: అందరికీ నోటికొచ్చిన పాప్ పాటలు. పదిహేనేళ్ల పిల్ల అమ్మానాన్నల్ని లాక్కొచ్చే సరుకు అది. వాళ్లకి టోనీ అంటే ఏంటో కూడా తెలియదు. అదే ఏడాది 'లైఫ్ ఆఫ్ పై' చూడండి. రంగాలంకరణ, లైటింగ్, సౌండ్, మూడు టోనీలు. ఆ పులి బొమ్మని ముగ్గురు మనుషులు ఆడిస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాం. జూన్ 11న అవార్డులు, జూలై 23న మూత.

విమర్శకురాలు: మనకి దగ్గరి ఉదాహరణ 'బాంబే డ్రీమ్స్'. రెహమాన్ సంగీతం. లండన్‌లో బాగా ఆడి 2004 ఏప్రిల్ 29న బ్రాడ్‌వేకి వచ్చింది. మూడు నామినేషన్లు, అందులో ఫరాఖాన్‌కి కొరియోగ్రఫీలో ఒకటి. ఒక్కటీ గెలవలేదు. కొత్త సంవత్సరం రోజున, 284 ఆటలతో ముగిసింది. న్యూజెర్సీ భారతీయులంతా ఒకసారి చూశారు. రెండోసారి ఎవరు వస్తారన్నదే లెక్కల్లో లేదు.

మాస్టారు: సరే, నష్టం వస్తుందని ఏప్రిల్‌లోనే తెలిస్తే జూన్ దాకా లాగడం ఎందుకు? ఇన్వెస్టర్ల డబ్బు తగలేయడం కాదా?

అకౌంటెంట్: మంచి ప్రశ్న. అక్కడి నుంచి ఊళ్లమీదికి టూర్ వెళ్తుంది కదండీ. చికాగో, డాలస్, అట్లాంటా. టూర్ పోస్టర్ మీద 'ఇన్ని టోనీ నామినేషన్లు' అని వేసుకోవచ్చు. టోనీ ఓటర్లు ఎనిమిది వందల పైచిలుకు, వాళ్లలో ఆ ఊళ్లలో టూర్లు బుక్ చేసేవాళ్లూ ఉన్నారు. 'వాటర్ ఫర్ ఎలిఫెంట్స్'కి 2024లో ఏడు నామినేషన్లు, సున్నా అవార్డులు. డిసెంబర్‌లో మూసి మరుసటి ఏడాది టూర్‌కి వెళ్లింది.

మాస్టారు: ఇది సురభి పద్ధతే! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబాలు. ఒక ఊళ్లో కలెక్షన్ పడిపోతే పాకలు విప్పి బండ్లెక్కించి ఇంకో ఊరు. జనం రాని చోట కూర్చుని అవార్డు కోసం చూళ్లేదు వాళ్లు.

విమర్శకురాలు: ఊరు వాళ్లది కాదు, పాక వాళ్లది. ఇక్కడ హాలు నిర్మాతది కాదు మాస్టారూ. బ్రాడ్‌వేలో ఉన్నవే 41 థియేటర్లు, వాటిలో 17 ఒక్క షూబర్ట్ సంస్థవి, 9 నెడర్‌లాండర్‌వి. ఒప్పందంలో ఒక మొత్తం రాసుకుంటారు, వరసగా రెండు వారాలు వసూళ్లు దాని కిందికి పోతే ఖాళీ చెయ్యమనొచ్చు. వచ్చే సీజన్‌లో ఎవరో సినిమా స్టార్ నాటకం క్యూలో ఉంటే ఓనరు ఎందుకు ఆగుతాడు? మూసివేత అంచనా వేసేటప్పుడు నేను ముందు చూసేది ఆ హాలు కోసం ఎవరు ఎదురుచూస్తున్నారని.

సంధానకర్త: అవార్డుల రాత్రి టీవీలో ఒక పాట వేస్తే టిక్కెట్లు అమ్ముడవుతాయంటారు?

అకౌంటెంట్: కొంతమందికి. కానీ ఆ పాట ఖర్చు నిర్మాతదే, లక్షల డాలర్లు. 'రియల్ విమెన్ హావ్ కర్వ్స్' 2025లో టీవీలో పాట వేసింది, అయినా జూన్ 29న పోయింది. 'స్మాష్'కి రెండు కోట్ల డాలర్లు పెట్టారు, రెండే నామినేషన్లు, జూన్ 22న ఆఖరు. 'బూప్' ఇంకో మూడు వారాలు లాగి జూలై 13న. ఒకే వేసవిలో ఇన్ని. అదే సీజన్‌లో హాలీవుడ్ స్టార్ డెంజెల్ వాషింగ్టన్ నటించిన 'ఒథెల్లో'కి ఒక్క నామినేషనూ లేదు. వారానికి 28 లక్షలు చేసింది! మంచి సీటు 900 డాలర్లు పైనే.

మాస్టారు: తొమ్మిది వందల డాలర్లా? మా నాటకాల బడ్జెట్లన్నీ కలిపినా...

సంధానకర్త: అంకెలు పక్కనపెట్టి చెప్పండి. హాల్లో కూర్చుంటే తెలుస్తుందా, ఇది పోయేదని?

అకౌంటెంట్: తెలుస్తుంది. పేరు చెప్పను, ఒక బుధవారం మ్యాట్నీ. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద సగం ధర టిక్కెట్ల కౌంటరుంది. పన్నెండున్నరకి వెళ్లాను, ఆ ఆటకి క్యూనే లేదు. పై అంతస్తులో వెనక వరస ఇచ్చాడు. తీరా వెళ్తే మెట్ల దగ్గర తాడు కట్టేశారు, పైన ఎవరూ లేరు. గేటు దగ్గరి పెద్దావిడ నా టిక్కెట్టు చూసి 'కిందికి రా నాయనా' అన్నట్టు చెయ్యూపి ఆరో వరసలో కూర్చోబెట్టింది. నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటున్నారు. నటుల చుట్టాలు, స్నేహితులు. అందరివీ పాస్‌లే. ఇంటర్వెల్‌లో టీషర్టులమ్మే కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. పాపం స్టేజీ మీద ఇరవైమంది ప్రాణం పెట్టి ఆడుతున్నారు. రెండు వారాల్లో నోటీసు వచ్చింది.

విమర్శకురాలు: నటులకి ఆ నోటీసు ఎలా తెలుస్తుందో చెప్పండి.

అకౌంటెంట్: స్టేజీ వెనక బోర్డు మీద అంటిస్తారు. చాలాసార్లు ఆట అయ్యాక అందర్నీ స్టేజీ మీదికి పిలిచి చెప్తారు. మర్నాడు మళ్లీ రెండు ఆటలుంటాయి.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

సంధానకర్త: ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు చూసుకోగలిగిన గుర్తు ఏదైనా?

అకౌంటెంట్: బుకింగ్ సైట్. టిక్కెట్లు ఏ తేదీ దాకా అమ్ముతున్నారో చూడండి. పక్క ప్రదర్శనలన్నీ జనవరి దాకా తెరిచి ఉంటే, ఇదొక్కటి సెప్టెంబర్ మొదటివారంతో ఆగిపోయిందంటే లోపల మాటలు నడుస్తున్నట్టే. బడులు తెరిచాక టూరిస్టులుండరు, సెప్టెంబర్ అంటే అందరికీ భయం.

మాస్టారు: బాబూ, నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చేది సెప్టెంబర్‌లోనే. నాకోటి చూపించాలి నువ్వు.

అకౌంటెంట్: సెప్టెంబరా? జూలైకి మార్చుకోండి మాస్టారూ, మూడైనా చూపిస్తాను.