కొండ కనపడుతోందా?

శ్రోతలకు నమస్కారం.

పల్నాడులో మా ఊరికి ఉత్తరాన కోటప్పకొండ. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు కనపడతాయని ప్రతీతి. మా డాబా మీంచయితే నిజంగానే కనపడతాయి. శివరాత్రికి ప్రభలు కట్టే రోజుల్లో మా ఇంటి వెనక కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉంటుంది. అప్పుడు అకాల వాన ఒక్క జల్లు పడిందా, ఎర్రటి కాయ కాస్తా తాలుకాయ అయిపోతుంది. నాన్న అక్కడ, నేను హైదరాబాద్‌లో. డాబా మీద ఒక కెమెరా పెట్టుకుంటే ఆకాశాన్ని నేనూ ఓ కంట కనిపెట్టొచ్చు కదా అనిపించింది. వాతావరణం చూడ్డానికి ఇంటికి ఎలాంటి కెమెరా కొనుక్కోవాలి, ఊరవతల నుంచి దాన్ని చూడాలంటే ఏం కావాలి అన్నది ఇవాళ్టి మాట.

మొదట నేను కొన్నది తప్పు కెమెరా. బుర్ర తిప్పుతూ చుట్టూ చూసే రకం. "చీమ కదిలినా చెబుతుందన్నా" అన్నాడు షాపతను. నిజమే, చీమ సంగతేమో గానీ వేపకొమ్మ ఊగినప్పుడల్లా చెప్పింది. తెల్లారేసరికి ఫోన్లో వందకు పైగా అలారాలు. తీరా వాన వచ్చిన రోజు చూస్తే తెర మీద మజ్జిగ ఒలికినట్టుంది. ప్లాస్టిక్ బుర్ర మీద కల్లం దుమ్ము, ఆ దుమ్ము మీద చినుకులు. దొంగను పట్టే కెమెరా వేరు, వానను పట్టే కెమెరా వేరని అప్పుడు తెలిసొచ్చింది.

వానను పట్టేది తిరగక్కర్లేదు. ఒకే చోటు చూస్తూ నిలబడాలి. పొడుగ్గా గొట్టంలా ఉండి, ముందుకు చిన్న చూరు ఉన్న బుల్లెట్ కెమెరా చాలు. చూరు ఉంటే చినుకు నేరుగా అద్దం మీద పడదు. పెట్టె మీద ఐపీ 66 అని ఉందో లేదో చూడండి. మొదటి ఆరు దుమ్ము లోపలికి పోదని, రెండో ఆరు గట్టిగా కొట్టే నీటిధారకు తట్టుకుంటుందని. అయినా నీళ్లు దూరేది సాధారణంగా కెమెరాలోకి కాదు, వెనక వేలాడే వైరు జాయింటులోకి. అందుకే వైరును గోడలోకి పోనిచ్చే ముందు ఊయలలా కాస్త కిందికి వదలాలి. నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి.

ఎటు తిప్పాలి? వీలైతే ఉత్తరానికి. తూర్పుకో పడమరకో పెడితే పొద్దునో సాయంత్రమో ఎండ కంట్లో కొడుతుంది, బొమ్మ వెలిసిపోతుంది. కోటప్పకొండ మాకు ఉత్తరాన ఉండటం నా అదృష్టం. "మరి పడమటి మబ్బో?" అని అడిగితే, "అది నేను చూసుకుంటాలే, నా కళ్లు ఇంకా పోలేదు" అన్నాడు నాన్న.

చూపులో ఏముండాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఉత్త ఆకాశం చూపిస్తే ఏమీ తెలియదు. అలాస్కాలో చాలా ఊళ్లకు రోడ్డు లేదు, చిన్న విమానాలే దిక్కు. అక్కడ కొండ కనుమల్లో పొగమంచు కమ్మిందో లేదో పైలట్లు బయల్దేరే ముందే చూసుకోవాలని అమెరికా ప్రభుత్వ విమానయాన విభాగం కెమెరాలు పెట్టింది. ఇప్పటి ఫొటో పక్కనే, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు తీసిన ఫొటో ఒకటి ఉంచుతారు. అందులో ఏ కొండ ఎంత దూరమో రాసి ఉంటుంది. ఏ కొండ మాయమైందో చూస్తే చూపు ఎంత దూరం ఆనుతోందో తెలిసిపోతుంది. నేనూ అదే చేశాను. మా ఫొటోలో వాటర్ ట్యాంకు అరకిలోమీటరు, సెల్ టవర్ రెండు కిలోమీటర్లు, కొండ పది. టవర్ మసకబారిందంటే ఇక ఫోన్ చేయాల్సిందే.

ఇక దూరం నుంచి చూడటం. మెగాపిక్సెళ్ల లెక్క పక్కన పెట్టి అప్‌లోడ్ స్పీడు అడగండి. ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకు 2 మెగాబిట్లు తీసుకుంటే గంటకు 900 ఎంబీ. 4జీ సిమ్ కెమెరాలో రోజుకు 2 జీబీ ప్యాక్ వేస్తే రెండుంపావు గంటల్లో హుష్‌కాకి. అయిదు నిమిషాలకో ఫొటో పంపే వీలున్న కెమెరా అయితే రోజుకు 288 ఫొటోలు. ఒక్కోటి 200 కేబీ అనుకున్నా మొత్తం 60 ఎంబీ దాటదు. మబ్బు కదలిక తెలియడానికి అది చాలు. అనుమానం వచ్చినప్పుడే లైవ్ తెరవండి.

ఇంకో చిక్కుంది. మన ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలా వాటికి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు ఇంటర్నెట్లో మన ఇంటిని పట్టుకునే అడ్రసు, ఉండదు. వందల ఇళ్లకు కలిపి ఒకటే అడ్రసు, అపార్ట్‌మెంటుకు గేటు నంబరే తప్ప ఫ్లాటు నంబరు లేనట్టు. అందుకని రౌటర్లో పోర్టు, అంటే బయటి నుంచి కెమెరాకు దారి, తెరిస్తే చాలన్న పాత సలహా పనిచేయకపోవచ్చు. కెమెరా కంపెనీ యాప్ ద్వారానే చూడాల్సి వస్తుంది. రేపు ఆ కంపెనీ సర్వర్ ఆపేస్తే? అందుకే ఆన్‌విఫ్, ఆర్‌టీఎస్‌పీ అనే, కంపెనీలు ఉమ్మడిగా వాడే పద్ధతులు ఉన్న కెమెరానే తీసుకోండి, వేరే సాఫ్ట్‌వేర్‌తోనూ నడుస్తుంది. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ మాత్రం ఆ రోజే మార్చేయండి. 2016లో మిరాయ్ అనే వైరస్ సరిగ్గా అలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది. పక్కింటివాళ్ల పెరడు చూపులోకి రాకుండా చూసుకోవడం మన మర్యాద.

గాలివాన మొదలవగానే మన ఊళ్లలో ముందు పోయేది కరెంటు. కెమెరా సరిగ్గా కావలసిన గంటలో గుడ్డిదవుతుంది. కెమెరాకూ రౌటర్‌కూ కలిపి ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. ఫైబర్ కనెక్షనయితే ఆ వైరు వచ్చి కలిసే డబ్బాకు కూడా.

రాత్రి లైట్లు, అంటే ఇన్‌ఫ్రారెడ్, ఆపేయండి. వానలో ప్రతి చినుకూ ఆ వెలుగును వెనక్కి కొట్టి తెర నిండా తెల్ల గీతలు గీస్తుంది. చూరు కిందయితే పురుగులు, పురుగులకు సాలీడు. మా కెమెరా చూరు కింద ఒక సాలీడు కాపురం పెట్టి పొద్దున్నే కొండకు అడ్డంగా గూడు అల్లేది. నాన్నకు అదొక పని, పాత పంచె ముక్కతో తుడిచి ఫోన్ చేస్తాడు.

మొన్న కూడా అలాగే చేశాడు. "బూజు దులిపాను, కొండ కనపడుతోందా?"

"రెండు శిఖరాలే కనపడుతున్నాయి నాన్నా."

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత కల్లంలో కాయ మీదికి పరదాలు ఈడుస్తున్న చప్పుడు వినపడింది.

నమస్కారం.