గిటారు వాయించేవాడికి పని లేకపోతే

పెద్దలందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్న కుర్రాళ్లకు కూడా. మీరు ఫోన్లు చూసుకోండి, ఏమీ అనుకోను. పాట పెట్టినప్పుడు మాత్రం ఒకసారి తలెత్తండి.

నిర్వాహకులు నన్ను అడిగింది, "వెస్టర్న్ మ్యూజిక్ మీద ఏదైనా చెప్పండి" అని. ఏదైనా అంటేనే కష్టం. నేను విద్వాంసుణ్ని కాను. ఇరవై ఏళ్లకు పైగా ఈ బరంపురంలో, ఇటు ఇచ్ఛాపురం దాకా, అటు ఛత్రపురం దాకా, పెళ్లిళ్లకీ ఠాకురాణి అమ్మవారి యాత్రకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాణ్ని. అందుకని నాకు బాగా తెలిసిన గొడవ ఒకటి పట్టుకుని వచ్చాను. బ్యాండులోకి కొత్త యంత్రం వస్తుంది. నిన్నటిదాకా వాయించినవాడికి ఇవాళ వాయించడానికి ఏమీ ఉండదు. అప్పుడు అతను ఏం చేస్తాడు? ఇంగ్లండులో ఒక బ్యాండుకి ఇదే జరిగింది. దాని పేరు రేడియోహెడ్. ఆల్బమ్ పేరు ‘కిడ్ ఎ’. 2000 అక్టోబరులో విడుదలైంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా నాకెందుకో మీకు అర్థం కాదు.

మా మేనమామ క్లారినెట్ వాయించేవారు. ఊరేగింపులో ఆయన ముందు నడిస్తే డోలు వాళ్లు ఆయన భుజాల కదలిక చూసి వాయించేవారు. నేను మొదటిసారి సెకండ్ హ్యాండు కీబోర్డు కొని ఇంటికి తెచ్చిన రోజు ఆయన వచ్చి చూశారు. దాని మీద ఇంగ్లీషులో వాద్యాల పేర్లు వరసగా రాసి ఉంటాయి కదా, వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుతూ వచ్చి క్లారినెట్ దగ్గర ఆగారు. బటన్ నొక్కి రెండు మెట్లు వాయించమన్నారు. వాయించాను. విని, "ఏటిరా, నేను కూడా ఇందులోనే ఉన్నానా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ తర్వాత రెండేళ్లకి మా పార్టీలో క్లారినెట్ లేదు. వయొలిన్ లేదు. తబలా స్థానంలో రిథమ్ ప్యాడ్. పది మంది వెళ్లే చోటికి నలుగురం వెళ్లేవాళ్లం. పెళ్లివారికి ఖర్చు తగ్గింది, మా వ్యానులో చోటు పెరిగింది.

ఇప్పుడు రేడియోహెడ్ దగ్గరికి వద్దాం. ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్ అనే ఊళ్లో ఒకే బడిలో చదువుకున్న అయిదుగురు. పాడేవాడు థామ్ యార్క్. గిటార్లు ఎడ్ ఓబ్రయన్‌వీ, జానీ గ్రీన్‌వుడ్‌వీ. జానీ అన్న కోలిన్ బేస్ వాయిస్తాడు. డ్రమ్స్ ఫిల్ సెల్వే. యార్క్ కూడా గిటారు పట్టుకుంటాడు కాబట్టి మొత్తం మూడు గిటార్ల బ్యాండు. 1997లో వాళ్లు ‘ఓకే కంప్యూటర్’ అనే ఆల్బమ్ చేశారు. పేరులో కంప్యూటర్ ఉంది గానీ అది గిటార్ల ఆల్బమే. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది. దేశదేశాలూ తిరిగి కచేరీలు చేసేసరికి యార్క్ మనిషి కుదేలైపోయాడు. ఎక్కడ రేడియో పెట్టినా తనలాగే పాడే బ్యాండులు. పైగా తన గొంతు వింటే తనకే విసుగు. పాట రాయబోతే కలం కదిలేది కాదు. చివరికి వాక్యాలు కాగితం ముక్కల మీద రాసి, టోపీలో వేసి, చేతికి ఏది వస్తే అది పాడటం మొదలుపెట్టాడు. చిలక జ్యోతిష్యం గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో అతను వింటున్నది ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటి వాళ్లని. ఆ సంగీతంలో పాడేవాడు ఉండడు, గిటారు ఉండదు. యంత్రాలు చేసే చప్పుళ్లు, వాటి లయ, అంతే. అందులో తనకి ఊపిరి ఆడింది. మిగతా నలుగురికి ఊపిరి ఆగింది.

1999 మొదట్లో పారిస్‌లో రికార్డింగ్ మొదలుపెట్టారు. అక్కడ కుదరక కోపెన్‌హాగన్ వెళ్లారు. అక్కడా కుదరక ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో ఒక పాత బంగళాలో దిగారు. నెలలు గడుస్తున్నాయి, పాట ఒక రూపానికి రావడం లేదు. గిటారిస్టు ఓబ్రయన్ ఆ రికార్డింగు రోజుల డైరీ రాసి అందరూ చదివేలా పెట్టేవాడు. తాను ఏం చెయ్యాలో తనకే తెలియడం లేదనే దిగులు అందులో దాచుకోలేదు. మంచి పాటలు కుదరకపోతే విడిపోదామన్న మాట కూడా వాళ్ల మధ్య వచ్చింది.

అప్పుడు ప్రొడ్యూసర్ నైజెల్ గోడ్రిచ్ ఒక పని చేశాడు. అయిదుగుర్నీ రెండు జట్లుగా విడగొట్టి రెండు గదుల్లో కూర్చోబెట్టాడు. షరతు ఏమిటంటే గిటారు, డ్రమ్ముల లాంటి మామూలు వాద్యాలు ముట్టుకోకూడదు. ఒక గదిలో వాళ్లు ఏదో ఒక శబ్దం తయారుచేస్తే రెండో గదిలో వాళ్లు దాన్ని పెంచాలి. పూర్తయిన పాట ఒక్కటీ రాలేదు. కానీ ఓబ్రయన్‌కి ఆ యంత్రాల భయం పోయింది. నా దృష్టిలో ఆ ఆల్బమ్ పుట్టింది ఆ రెండు గదుల్లోనే. అక్కడ యంత్రం ఎవరి కుర్చీలోనూ కూర్చోలేదు. చేతిలో వాద్యం లేని మనిషిని కూడా అయిదుగురిలో ఒకడిగానే ఉంచారు. ఇక్కడ మేం చేసిందేమిటి? వాద్యంతోపాటు మనిషిని కూడా ఇంటికి పంపేశాం.

ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్ల వెనక పెద్ద కంపెనీ ఉంది, చేతిలో ఏడాదికి పైగా టైము ఉంది. మా మావయ్యకి ఉన్నది ఒక్క పెళ్లిళ్ల సీజన్. ప్రయోగం అనే మాట తిండికి లోటు లేనివాడి నోట్లో ఒకలా, రేపటి కిరాయి మీద బతికేవాడి నోట్లో ఇంకోలా ఉంటుంది. పుస్తకాల్లో దీని గురించి ఎక్కువ రాయరు.

ఆల్బమ్‌లో ఒక పాట ఉంది, ‘ఇడియోటెక్’ అని. ఇది మన ఊరివాళ్లు తప్పకుండా వినాలి, చెబుతాను ఎందుకో. జానీ గ్రీన్‌వుడ్ తన సింథసైజర్లతో, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే యంత్రాలతో, తోచినట్టు చేసుకుంటూ పోయి సుమారు 50 నిమిషాల టేపు యార్క్ చేతికిచ్చాడు. యార్క్ అందులోంచి చిన్న ముక్క ఏరుకున్నాడు. ఆ ముక్కలో వినిపించే, ఒకేసారి పలికే స్వరాల గుంపులు నాలుగు, వాటినే కార్డ్‌లు అంటారు, నిజానికి జానీ చేసినవి కావు. పాల్ లాన్‌స్కీ అనే అమెరికన్ సంగీతకారుడు 1973లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఐబీఎం కంప్యూటర్ మీద చేసిన 18 నిమిషాల రచనలోవి. వాళ్లు ఉత్తరం రాసి అడిగారు, ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

1973లో కంప్యూటర్‌తో సంగీతం ఎలా చేసేవారు? తెర లేదు, మౌస్ లేదు. చిల్లులు పొడిచిన అట్టముక్కలు. ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నది చిల్లుల్లో రాసి యంత్రానికి ఇవ్వాలి. అది లెక్కలు వేసి టేపు మీదకి ఎక్కిస్తుంది. ఆ టేపు మోసుకుని ఇంకో చోటికి పోతే తప్ప చేసింది ఎలా ఉందో వినడానికి కూడా లేదు.

చిల్లుల అట్టలు అనగానే ముందు వరసలో పెద్దాయన ఒకరు నవ్వారు. అవును, మన పట్టు మగ్గాల మీద వేలాడే జకార్డు అట్టలే. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804లో కట్టిన మగ్గం నుంచే చిల్లుల అట్ట కంప్యూటర్ల దాకా నడిచి వెళ్లింది. చిన్నప్పుడు మా వీధిలో ఒక మగ్గం దగ్గర కూర్చుని చూసేవాణ్ని. తొక్కుడు చెక్క తొక్కగానే పైన అట్ట ఒకటి తిరుగుతుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, లేనిచోట ఆగిపోతుంది. దాన్ని బట్టి కింద కొన్ని పోగులు లేస్తాయి, కొన్ని లేవవు. అట్టల దండ ఒక చుట్టు తిరిగేసరికి అంచులో ఒక గోపురం పూర్తవుతుంది. మళ్లీ మొదటి అట్ట, మళ్లీ అదే గోపురం. ఒక్క చిల్లు తప్పు పడితే చీర పొడవునా ప్రతి గోపురానికీ ఒకే చోట ఒకే మచ్చ.

ఈ పాటలో లాన్‌స్కీ కార్డ్‌లు నాలుగూ సరిగ్గా అలాగే తిరుగుతాయి. దాదాపు పాటంతా అదే దండ. సంగీతంలో దీన్ని లూప్ అంటారు. కింద డ్రమ్ యంత్రం దడదడా కొడుతుంటుంది, దాని శబ్దాల్ని కూడా జానీ సింథసైజర్ మాడ్యూళ్లతోనే తయారుచేశాడు. వీటి మీద యార్క్ గొంతు మాత్రం ఏ రెండుసార్లూ ఒకేలా పడదు. చీర అంచు మారదు, ఒడలు మారుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు చెవుల్లో మగ్గం ఆడింది.

ఇక హార్మోనియం సంగతి. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని గేటు బయట పెట్టి 1971 దాకా లోపలికి రానివ్వలేదు. కారణం మీకు తెలిసిందే. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడానికి దారి లేదు, గమకం పలకదు. కీబోర్డు మీద కూడా అదే నింద. నేనూ పడ్డాను, ఒక పెద్దావిడ పెళ్లి పందిట్లో ముఖం మీదే అంది, "నీ పెట్టె పలుకుతోంది గానీ పాడటం లేదు బాబూ" అని.

జానీ గ్రీన్‌వుడ్ ఇదే ఆల్బమ్‌లో ఆండ్ మార్తెనో అనే వాద్యం వాడాడు. మోరిస్ మార్తెనో అనే ఫ్రెంచాయన 1928లో లోకానికి చూపించాడు. ఆయన స్వయంగా చెల్లో, అంటే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, వాయించేవాడు కాబట్టి, కరెంటుతో పలికే వాద్యానికి కూడా జారుడు ఉండాలని పట్టుపట్టాడు. చూడటానికి చిన్న కీబోర్డులాగే ఉంటుంది. మెట్ల ముందు అడ్డంగా ఒక తీగ, దానికి ఒక ఉంగరం. ఉంగరంలో కుడిచేతి చూపుడువేలు పెట్టి తీగ వెంట అటూ ఇటూ జరిపితే స్వరం నూనెలా జారుతుంది. ఎడమచేత్తో ఒక మీట నొక్కే బరువుని బట్టి నాదం పెరుగుతుంది, తగ్గుతుంది. కుర్రతనంలో మెస్సియాన్ అనే ఫ్రెంచ్ సంగీతకర్త రాసిన ‘తురంగలీల’ సింఫనీ విని జానీ ఈ వాద్యం మీద మనసు పారేసుకున్నాడు. పేరు విన్నారుగా, సంస్కృతమే. ఆ మెస్సియాన్ మన శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరంలోని దేశీ తాళాల్ని దగ్గర పెట్టుకుని రచనలు చేసినవాడు.

‘హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ’ అనే పాటలో ఈ వాద్యం వినండి. వెనక నిజమైన వయొలిన్ల బృందం కూడా ఉంటుంది, ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒక పాత చర్చిలో రికార్డు చేశారు. ఏది తీగ, ఏది కరెంటు అని విడదీయబోతే మీ చెవి మోసపోతుంది. మావయ్యకి ఒక రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టి ఇది వినిపించాను. భాష తెలియదు, బ్యాండు తెలియదు. కళ్లు మూసుకుని విని, "ఎవడో గానీ ఊదేవాడి మనసు తెలిసినవాడు" అన్నారు. ఊదే వాద్యం కాదు మావయ్యా, ఇదీ పెట్టే అని నేను చెప్పలేదు.

‘నేషనల్ ఆంథమ్’ అనే ఇంకో పాటలో బాకాల వాళ్లను పిలిపించి ట్రాఫిక్ జామ్‌లా వాయించమన్నారట. పెళ్లి ఊరేగింపు టైముకి మన గేట్ బజారుకి వచ్చి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

ఆల్బమ్ వచ్చినప్పుడు కొందరు విమర్శకులు తిట్టిపోశారు. పాటల్ని సింగిల్స్‌గా, అంటే విడివిడి రికార్డులుగా, వదల్లేదు, మామూలు వీడియోలు తీయలేదు. ప్రకటనల బోర్డులు లేని సొంత టెంటు వేసుకుని యూరప్‌లో కచేరీలు చేశారు. ఊరూరా నాటకాలాడే జాత్రా పార్టీల టెంట్లు చూసిన మనకి అది వింత కాదు లెండి. అయినా అమెరికాలో మొదటి వారమే నంబర్ వన్ అయింది. మిగిలిన పాటలతో మరుసటి ఏడాది ‘ఆమ్నీసియాక్’ తెచ్చారు. ఆ అయిదుగురూ ఆ తర్వాత కూడా కలిసే ఉన్నారు. ఓబ్రయన్ చేతికి గిటారు మళ్లీ వచ్చింది, యంత్రం పక్కనే.

వాళ్లు అలా పాట కోసం వెతుక్కుంటున్న 1999 అక్టోబరులోనే గోపాలపూర్ దగ్గర తుఫాను తీరం దాటింది. పది పన్నెండు రోజులకి సూపర్ సైక్లోన్ వచ్చి పారాదీప్ వైపంతా ఊడ్చేసరికి మన తుఫానుని లోకం మర్చిపోయింది, మనం మర్చిపోలేదు. కార్తీకంలో సముద్రం వైపు ఒక పల్లెలో పెళ్లి ఒప్పుకున్నాం. అప్పటికీ అక్కడ కరెంటు రాలేదు. ఊళ్లో జనరేటర్లన్నీ అద్దెకి పోయాయి. నేను కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బటన్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ పలకదు. పెళ్లికూతురి తండ్రి నా వంక చూస్తున్నాడు. నేను నేల వంక చూస్తున్నాను.

మావయ్య ఆ పెళ్లికి వాయించడానికి రాలేదు, భోజనానికి వచ్చారు. ఎవరినో సైకిల్ మీద ఇంటికి పంపి క్లారినెట్ పెట్టె తెప్పించారు. రెండేళ్లుగా ముట్టుకోలేదేమో, రీడు ఎండిపోయింది. నోట్లో పెట్టుకుని చాలాసేపు నానబెట్టారు. పెట్రోమాక్స్ లైటు కింద నిలబడి ఊదారు, మొదట రెండు మూడు స్వరాలు చీలాయి. తర్వాత చీలలేదు. నేను ఏం చెయ్యాలో తెలియక తాళాలు పుచ్చుకుని వెనక నిలబడ్డాను. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి, "లయ పారిపోతోందిరా" అన్నారు.

సరే, కరెంటు ఉన్నప్పుడే ఒక పాట పెట్టేస్తాను. ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’. ఆల్బమ్‌లో మొదటి పాట ఇదే, గిటారు వినపడదు. యార్క్ పియానో మీద కట్టుకుని తర్వాత ప్రొఫెట్ 5 అనే సింథసైజర్ మీదకి మార్చాడు. లెక్క పది. మన మిశ్ర జాతి ఝంపెకి ఏడూ ఒకటీ రెండూ పది అక్షరాలు కదా, ఇక్కడ ఆ పది వేరేలా విరుగుతుంది. వేళ్ల మీద లెక్క పెట్టండి. ఎక్కడ విరిగిందో మొదట చెప్పినవాళ్లకి రెండో టీ నా లెక్కలో.

బాబూ, ఆ ఫ్యాను కాస్త ఆపు.