ఆఫీసు పనికి కొత్త కంప్యూటర్: విండోస్ 11, ఉబుంటు, మ్యాక్‌ఓఎస్‌లలో ఏది?

నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న చిన్న ఆఫీసులకు కొత్తది కొనక తప్పని పరిస్థితి వచ్చింది కాబట్టి, ఈ వీడియోలో మన ఊళ్లలో ఎక్కడైనా కనిపించే ఒక ఆఫీసును ఉదాహరణగా తీసుకుంటున్నాను. టాలీలో లెక్కలు రాయడం, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయడం, మధ్యమధ్య పెళ్లి పత్రికలూ కరపత్రాలూ తెలుగులో డీటీపీ చేసి ఇవ్వడం అక్కడి పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఆఫీసుకు విండోస్ 11 తీసుకోవాలి. మిగిలిన రెండింటికన్నా, అంటే లినక్స్ ఆధారంగా తయారై ఉచితంగా దొరికే ఉబుంటు, ఆపిల్ కంప్యూటర్లలో వచ్చే మ్యాక్‌ఓఎస్‌లకన్నా, అది మేలైనదని ఈ మాట అనడం లేదు. టాలీప్రైమ్ నేరుగా నడిచేది విండోస్ మీదే. అను ఫాంట్లతో సాగే డీటీపీ పని అంతా విండోస్ చుట్టూ అల్లుకున్నదే. డిజిటల్ సంతకం టోకెన్లకు (రిటర్నులపై సంతకం కోసం కంప్యూటర్‌కు గుచ్చే పరికరాలకు) డ్రైవర్లు, అంటే పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రాములు, ముందుగా సిద్ధమయ్యేదీ విండోస్‌కే. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మనమే ఎంచుకుంటున్నామని అనుకుంటాం గాని, చాలా ఆఫీసుల్లో ఆ నిర్ణయం బల్ల మీది పాత ప్రింటరుదే.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న ఫైలును చూడండి. ఇది అను ఫాంటుతో పేజ్‌మేకర్ అనే పాత పేజీల కూర్పు ప్రోగ్రాములో తయారైన పెళ్లి పత్రిక. ఇందులోని అక్షరాలను ఉబుంటులోని టెక్స్ట్ ఎడిటర్‌లో అతికిస్తే తెలుగు మాయమై ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తున్నాయి. ఫైలు చెడిపోలేదు. ప్రతి భాష అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ వాడకంలోకి రాకముందు నాటి పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చి ఈ ఫాంట్లను తయారుచేశారు కాబట్టి, ఆ ఫాంటు లేని చోట లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. అయినా దానితోనే ఇప్పటికీ పని నడిపిస్తున్నవారు ఉన్నారు, వారిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు, ఎందుకంటే ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టే పని మాత్రం యూనికోడ్‌లోనే చేయండి. అప్పుడు ఏ సిస్టమ్‌కు మారినా అక్షరాలు మీ వెంట వస్తాయి. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డుతో పాటు ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణతో తెలుగు టైప్ చేసే ఫొనెటిక్ కీబోర్డు కూడా సిస్టమ్‌తోనే దొరుకుతాయి.

విండోస్ అని తేల్చుకున్నంత మాత్రాన పని అయిపోదు, అసలు జాగ్రత్తలన్నీ ఇక్కడే ఉన్నాయి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు కొన్ని ‘ఎస్ మోడ్’లో వస్తాయి, ఆ స్థితిలో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని ప్రోగ్రాములు తప్ప మరేవీ ఎక్కవు కాబట్టి టాలీ కూడా ఎక్కదు. దాని నుంచి బయటికి రావడానికి రుసుము లేదు, అయితే మళ్లీ వెనక్కి వెళ్లే దారీ లేదు. ఆర్మ్ రకానికి చెందిన స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ బాగానే ఉంటుంది, మామూలు ప్రోగ్రాములను చాలావరకు అవి ఎమ్యులేషన్‌తో, అంటే ఇంటెల్ తరహా చిప్‌ను అనుకరిస్తూ, నడిపించగలవు. అయితే డ్రైవర్లకు ఆ వెసులుబాటు లేదు. మీ సంతకం టోకెన్‌కో ప్రింటరుకో ఆర్మ్ డ్రైవరు లేకపోతే అక్కడే చిక్కుకుపోతారు. లెక్కల ఆఫీసుకు ఇంటెల్ గాని ఏఎమ్‌డీ గాని తీసుకోండి.

మరొక విషయాన్ని చాలామంది పట్టించుకోరు. కొత్త కంప్యూటర్‌ను మొదటిసారి తెరిచేటప్పుడు దుకాణంలోని కుర్రాడు తన మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే సెటప్ పూర్తిచేసి ఇస్తే, డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలై, దాని రికవరీ కీ ఆ ఖాతాలోకే వెళ్లే అవకాశం ఉంది. ఎప్పుడో ఒక రోజు కంప్యూటర్ ఆ కీ అడిగితే మీ లెక్కల పుస్తకాలన్నీ ఉన్న డిస్క్ తాళం ఎవరి దగ్గర ఉన్నట్టు? సెటప్ మీ ఖాతాతోనే చేయించి, ఆ కీని కాగితం మీద ముద్రించి బీరువాలో పెట్టుకోండి. హోమ్, ప్రో ఎడిషన్లలో దేన్ని తీసుకోవాలంటే, ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌లోకి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో ప్రవేశించాలనుకునేవారికి ప్రో కావాలి. ఒక్కరే కూర్చుని పని చేసుకునే చోట హోమ్ చాలు.

ఉబుంటు సంగతికి వద్దాం. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04 వెర్షన్‌కు ఐదేళ్ల సాధారణ మద్దతు ఉంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే టైపింగ్ సదుపాయం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ రెండూ లభిస్తాయి. బ్రౌజర్‌లోనే పని ముగించుకునేవారికి, ఉత్తరాలూ నివేదికలూ లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాములో రాసుకునేవారికి నేను దీన్నే సూచిస్తాను. పాత కంప్యూటర్ కూడా దీనితో మరికొన్నేళ్లు పనికొస్తుంది. మ్యాక్రోలతో (పనులను వాటంతటవే చేసే చిన్న ఆదేశాలతో) నిండిన ఎక్సెల్ షీట్లు మాత్రం లిబ్రే ఆఫీస్‌లో అన్నీ సరిగా నడవవు. ప్రింటర్ల విషయంలో హెచ్‌పీ వాటికి ఇబ్బంది తక్కువ. జిరాక్స్ షాపుల్లో విరివిగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 అలా కాదు. అది కాప్ట్ అనే కానన్ సొంత పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి లినక్స్‌లో దానిని దారికి తేవడానికి ఓపిక కావాలి.

మ్యాక్ గురించి ఎక్కువ చెప్పను. వీడియో, డిజైన్ పనులకు అది చక్కటి యంత్రం, ఈ ఆఫీసుకు మాత్రం ఖర్చు దండగ. ఆపిల్ సొంత ఎమ్ శ్రేణి చిప్‌ల మీద, మ్యాక్‌లో విండోస్ ఎక్కించుకోనిచ్చే బూట్ క్యాంప్ లేదు. మ్యాక్ లోపలే విండోస్‌ను నడిపించే ప్యారలల్స్ ప్రోగ్రాములో వచ్చేది ఆర్మ్ విండోస్ కాబట్టి ఇందాక చెప్పిన డ్రైవర్ల చిక్కు ఇక్కడా ఎదురవుతుంది. ఇంటెల్ మ్యాక్ చౌకగా దొరికిందని తొందరపడకండి, వాటికి అందే చివరి మ్యాక్‌ఓఎస్ వెర్షన్ 2025లో వచ్చిన టాహో.

ఉబుంటుకు మారాలా వద్దా అన్న సందేహం ఉన్నవారు డిస్క్‌ను ముట్టుకోకుండానే పరీక్షించుకోవచ్చు. ఉబుంటును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇప్పుడున్న కంప్యూటర్‌ను దానితోనే బూట్ చేసి, మీ ప్రింటరులో ఒక పేజీ తీసి, మీ టోకెన్‌ను గుచ్చి, మీరు రోజూ తెరిచే ఎక్సెల్ షీటును తెరిచి చూడండి. ఆ మూడూ పనిచేస్తే విండోస్ లేకుండా అమ్మే మోడల్‌కు ధర అడగండి. ఒక్కటి మొరాయించినా విండోస్ లైసెన్సు పేరు విడిగా రాసిన బిల్లుతోనే కంప్యూటర్ తీసుకోండి.